బానిసత్వం పోయింది, పద్దు మిగిలింది

పరిహారం అంటే ఏమిటో తెలుగువాళ్లకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. రిజర్వాయరు కింద ఊరు మునిగితే ఊరివాళ్లకు ఇస్తారు, తుపానుకు పంట పోతే రైతుకు ఇస్తారు. ఎంత ఇచ్చారు, ఎప్పుడిచ్చారు, మధ్యలో ఎవరు తిన్నారు అని తగాదా పడతాం గానీ, నష్టపోయినవాడికే ఇవ్వాలన్న దగ్గర తగాదా లేదు. 1833లో బ్రిటిష్ పార్లమెంటు తన వలస రాజ్యాల్లో బానిసత్వాన్ని రద్దు చేస్తూ చట్టం చేసినప్పుడు కూడా పరిహారం ప్రకటించింది. మొత్తం 2 కోట్ల పౌండ్లు, అంటే ఆనాటి బ్రిటిష్ ప్రభుత్వం ఏడాదికి పెట్టే ఖర్చులో దాదాపు 40 శాతం. ఆ సొమ్ము తరతరాలుగా కొరడా దెబ్బలు తిన్నవాళ్లకు ముట్టలేదు, కొరడా పట్టుకున్నవాళ్లకు ముట్టింది. యజమాని తన 'ఆస్తి' పోగొట్టుకుంటున్నాడు కాబట్టి అతనికి నష్టం కట్టివ్వాలన్నది వాళ్ల లెక్క. బానిసకు ఒక్క పెన్నీ రాలేదు. పైగా 'అప్రెంటిస్' అన్న కొత్త పేరుతో ఇంకొన్నేళ్లు పాత యజమాని దగ్గరే కూలి లేకుండా పనిచేయాలని అదే చట్టం చెప్పింది. వలస సమాజాల్లో బానిసత్వం ఎందుకు వేళ్లూనుకుంది, చట్టం పోయాక కూడా దాని ఫలితం ఎందుకు పోలేదు అన్న రెండు ప్రశ్నలకూ జవాబు ఈ లావాదేవీలోనే ఉందని నేను అనుకుంటున్నాను. అది పద్దుగా పుట్టింది, పద్దుగానే ముగిసింది. ముగిసినప్పుడు మిగులంతా ఒకే పక్కకు వెళ్లింది. ఈ సంగతి స్పష్టంగా కనిపించే చోటు మారిషస్.

ఆ దీవి మనకు కొత్త కాదు. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడే జరిగాయి. ఉగాదికి అక్కడ దేశమంతా సెలవు. కోరంగి రేవు నుంచి, మద్రాసు నుంచి చెరకు తోటలకు వెళ్లిన తెలుగు కూలీల కష్టాలు మన పత్రికల్లో ఎన్నోసార్లు వచ్చాయి, ఇంకా రావాలి కూడా. అయితే ఆ కథను మనం ఓడ ఎక్కిన రోజుతో మొదలుపెడతాం. ఆ తోటల్లో అంతకుముందు ఎవరు పనిచేశారు, వాళ్లు ఏమయ్యారు, ఎక్కడో గోదావరి ఒడ్డున ఉన్న మనిషి అవసరం అక్కడ ఎందుకు వచ్చిపడింది అని అడగం. మారిషస్ క్యాలెండరులో మాత్రం ఈ రెండు సంగతులూ పక్కపక్కనే ఉంటాయి. ఫిబ్రవరి 1 బానిసత్వం రద్దయిన రోజు, నవంబరు 2 ఒడంబడిక కూలీలు వచ్చిన రోజు. రెండూ సెలవులే. రెండో రోజు గురించి మనకు తెలిసినంత మొదటి రోజు గురించి తెలియదు.

మారిషస్‌ను చూస్తే బానిసత్వానికి కారణాలేమిటో దాదాపు ప్రయోగశాలలో చూసినట్టు తెలుస్తుంది. ఎందుకంటే అక్కడ మొదట మనుషులే లేరు. జయించడానికి రాజు లేడు, తరిమేయడానికి ఆదివాసులు లేరు, తీర్చుకోవలసిన పాత పగలు లేవు. 1638లో డచ్చివాళ్లు తొలి స్థావరం పెట్టారు. మరుసటి ఏడే జావా నుంచి చెరకు తెచ్చారు. 1640లలో మడగాస్కర్ నుంచి బానిసలను తెచ్చారు. 1710లో డచ్చివాళ్లు దీవిని వదిలేసి వెళ్లారు. 1715లో ఫ్రెంచివాళ్లు దాన్ని పట్టుకుని ఈల్ ద ఫ్రాన్స్ అని పేరు పెట్టారు. 1735లో గవర్నరుగా వచ్చిన మహే ద లా బూర్డనే ఆ దీవిని రేవుగా, ఓడల మరమ్మతు కేంద్రంగా, తోటల సీమగా తీర్చిదిద్దాడు. 1746లో మద్రాసును ఇంగ్లీషువాళ్ల చేతిలోంచి లాక్కున్నది ఈయనే, మన చరిత్ర పాఠాల్లో ఆ పేరు వస్తుంది. ఆయన కట్టించిన గోదాములకు, ఆసుపత్రికి, నీటి కాలువలకు రాళ్లు మోసింది మడగాస్కర్, మొజాంబిక్ తీరాల నుంచి తెచ్చిన మనుషులు. 18వ శతాబ్దం ముగిసేసరికి దీవి జనాభాలో ప్రతి పదిమందిలో ఎనిమిదిమంది బానిసలు. ఖాళీ నేలపై ఒక సమాజాన్ని కొత్తగా నిర్మిస్తూ, అందులో ఐదింట నాలుగు వంతుల మందిని సొత్తుగా రాసుకున్నారు. ఇది ద్వేషం వల్ల మొదలైన పని కాదు. నేల చవకగా దొరికింది, సరుకుకు ఐరోపాలో గిరాకీ ఉంది, లేనిది పనిచేసే చెయ్యి ఒక్కటే. కూలి ఇచ్చి పిలిస్తే అంత దూరం, అంత చాకిరికి ఎవరూ రారు. వచ్చినా పక్కన ఖాళీ నేల ఉన్నప్పుడు తోటలో నిలవరు. మనిషిని కట్టేస్తే తప్ప నిలవని వ్యాపారం అది.

అట్లాంటిక్ అవతల కూడా ఇదే వరస. బార్బడోస్‌లో 1640ల్లో చెరకు వచ్చేదాకా పొలాల్లో ఎక్కువగా పనిచేసింది ఇంగ్లండు, ఐర్లండు నుంచి కొన్నేళ్ల కట్టుబాటుపై తెచ్చిన తెల్ల కూలీలే. చక్కెర లాభాలు పెరిగి ఆ కూలీలు చాలకపోయినప్పుడు ఆఫ్రికా ఓడలు వరసకట్టాయి. వర్జీనియాలో 1662లో ఒక చట్టం చేశారు: బిడ్డ స్వతంత్రుడా బానిసా అన్నది తల్లిని బట్టి ఉంటుంది. ఇంగ్లండులో బిడ్డ హోదా ఎప్పుడూ తండ్రిని బట్టే. ఆ సంప్రదాయాన్ని ఎందుకు తిరగేశారు? యజమాని బానిస స్త్రీని చెరిచి కన్న బిడ్డ కూడా అతని ఆస్తిలోనే చేరాలి కనుక. పశువుల మందకు పెట్టే లెక్క అది. రంగును బట్టి మనిషి విలువ కట్టే సిద్ధాంతాలు, నల్లవాడు పనికే పుట్టాడనే పుస్తకాలు, వాటికి మతం నుంచీ శాస్త్రం నుంచీ తెచ్చిన సాక్ష్యాలు ఈ లెక్కలు స్థిరపడ్డాక బలపడ్డాయి. ట్రినిడాడ్ చరిత్రకారుడు ఎరిక్ విలియమ్స్ 1944లో ఈ మాటే గట్టిగా అన్నాడు: జాతి వివక్ష బానిసత్వాన్ని పుట్టించలేదు, బానిసత్వమే జాతి వివక్షను పుట్టించిందని. ఆయన తక్కిన వాదనలపై ఆర్థిక చరిత్రకారులు ఇప్పటికీ పోట్లాడుకుంటూనే ఉన్నారు. ఆఫ్రికన్ల పట్ల చిన్నచూపు ఐరోపాలో అంతకుముందు లేకపోలేదు కూడా. కానీ ఆ చిన్నచూపుకు చట్టం, కచేరీ, పోలీసు తోడైంది తోట వచ్చాకే.

ఆ చట్టం ఎలా ఉండేదో 1723లో మారిషస్, రీయూనియన్ దీవులకు ఫ్రెంచి రాజు పంపిన నల్లచట్టం చూస్తే తెలుస్తుంది. బానిసకు ఆస్తి ఉండకూడదు, అతను సంపాదించినదంతా యజమానిదే. తెల్లవాళ్లకూ నల్లవాళ్లకూ పెళ్లిళ్లు కుదరవు. నెల దాటి పారిపోయినవాడు దొరికితే చెవులు కోసి భుజం మీద ముద్ర కాల్చాలి. రెండోసారి పారిపోతే మోకాలి వెనక నరం కోయాలి. మూడోసారి చంపేయాలి. ఇంత కసి చట్టంలో ఎందుకు అవసరమైందంటే, మనుషులు పారిపోతూనే ఉన్నారు కనుక. మారిషస్ నైరుతి కొసన సముద్రంలోకి చొచ్చుకొచ్చిన లె మోర్న్ కొండ గుహల్లో అలా పారిపోయినవాళ్లు దాక్కునేవారు. యునెస్కో 2008లో ఆ కొండను ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. బానిసలు తమ స్థితికి అలవాటు పడ్డారని చెప్పేవాళ్లు ఈ చట్టాన్ని ఒక్కసారి చదివితే చాలు. అలవాటు పడినవాడి కాలి నరం కోయాల్సిన పని ఎవరికీ రాదు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, దాన్ని తప్పించుకోకూడదు. బానిసత్వం ఎక్కడ లేదు? ఆఫ్రికా రాజులే యుద్ధ ఖైదీలను అమ్మారు, అరబ్బు వర్తకులు కొన్నారు, మన దేశంలోనూ ఉంది. ఐరోపావాళ్లనే ఎందుకు పట్టుకుంటారు? ఇందులో సగం నిజం ఉంది, ఆ సగాన్ని మనం గట్టిగానే ఒప్పుకోవాలి. తరాలు మారినా తీరని అప్పు కింద పాలేరుగా, జీతగాడిగా ఒకే ఇంటి గుమ్మంలో బతికినవాళ్లు తెలుగు నేల మీద లక్షల్లో ఉన్నారు. వెట్టి మనకు పుస్తకంలో చదివిన మాట కాదు. అంతేకాదు, మన తీరం నుంచే బానిసల ఎగుమతి కూడా జరిగింది. 17వ శతాబ్దంలో డచ్చి కంపెనీ పులికాట్ మొదలైన కోరమాండల్ రేవుల నుంచి కరువు ఏడాదుల్లో వేలమందిని కొని తూర్పు దీవులకు తీసుకుపోయింది. 18వ శతాబ్దంలో యానాం లాంటి ఫ్రెంచి స్థావరాల నుంచి మనుషులను మారిషస్, రీయూనియన్ దీవులకు తరలించారు. కరువులో పిల్లలను అమ్ముకున్న తల్లిదండ్రులూ, కొని ఓడకు చేర్చిన దళారులూ ఈ నేలవాళ్లే. ఇంకో సంగతి: 1833 చట్టం ఈస్టిండియా కంపెనీ పాలనలోని ప్రాంతాలకు వర్తించదని అందులోనే రాసుకున్నారు. ఇండియాలో న్యాయస్థానాలు బానిస హక్కును గుర్తించకూడదని చట్టం రావడానికి 1843 దాకా పట్టింది.

అభ్యంతరంలో నిజం లేని సగం ఇది: తక్కిన చోట్ల ఉన్నదీ, వలస తోటల్లో ఉన్నదీ ఒకటి కాదు. అట్లాంటిక్ మీదుగా ఓడలెక్కించినవాళ్లు సుమారు 1 కోటి 25 లక్షలు, దిగినవాళ్లు సుమారు 1 కోటి 7 లక్షలు. మధ్యలో సముద్రంలో పోయినవాళ్ల సంఖ్య ఆ తేడాలోనే ఉంది. చాలా చక్కెర దీవుల్లో పుట్టినవాళ్ల కంటే చచ్చినవాళ్లు ఎక్కువ. లోటు పూడ్చడానికి ఏటా కొత్త మనుషులను కొనేవారు, ఎందుకంటే పిల్లలను పెంచి పనికి తేవడం కంటే పెద్దవాళ్లను కొని అరగదీయడం చవక. బీమా కంపెనీలు, బ్యాంకులు, తనఖా పత్రాలు, ఓడల వాటాలు ఈ చావు చుట్టూ అల్లుకున్నాయి. తక్కిన చోట్ల బానిస ఇంటి చాకిరికో, సైన్యానికో, పొలానికో ఉండేవాడు. తోటలో మాత్రం సమాజం మొత్తం బానిసల మీదే నిలబడింది, బానిసను తీసేస్తే మిగిలేది ఏమీ లేదు. అందుకే రద్దు ప్రశ్న వచ్చినప్పుడు తోట యజమానులు మనిషి మంచిచెడ్డల గురించి మాట్లాడలేదు, ఆస్తి హక్కు గురించి మాట్లాడారు.

ఫ్రెంచి విప్లవ ప్రభుత్వం 1794లోనే బానిసత్వాన్ని రద్దు చేసింది. 1796లో ఆ ఆజ్ఞ పట్టుకుని ఇద్దరు ప్రతినిధులు మారిషస్‌కు వస్తే, తెల్ల వలసదారులు వాళ్లను ఓడెక్కించి వెనక్కి తరిమేశారు. 1802లో నెపోలియన్ బానిసత్వాన్ని మళ్లీ చట్టబద్ధం చేశాడు. 1810లో బ్రిటిష్‌వాళ్లు దీవిని గెలిచినప్పుడు ఫ్రెంచి యజమానులకు మాట ఇచ్చారు: మీ ఆస్తులు, చట్టాలు, ఆచారాలు అలాగే ఉంటాయని. ఆస్తుల్లో మనుషులూ ఉన్నారు. బానిస వ్యాపారం 1807లోనే నేరమైనా, ఆ దీవికి దొంగచాటు ఓడలు ఆ తర్వాత చాలా ఏళ్లు వచ్చాయి. 1825లో మారిషస్ చక్కెరకు వెస్టిండీస్ చక్కెరతో సమానంగా సుంకం తగ్గించారు. దాంతో దీవి అంతా చెరకు కమ్ముకుంది. అంటే రద్దుకు పదేళ్ల ముందు బానిస శ్రమకు విలువ తగ్గడం కాదు, పెరిగింది. బ్రిటన్ తన మనస్సాక్షి వల్ల బానిసత్వాన్ని వదులుకుందని చెప్పుకునే కథకు ఇది సరిపడదు. మనస్సాక్షి లేదని నేను అనను. ఇంగ్లండులో చక్కెర కొనడం మానేసిన గృహిణులు, సంతకాలు సేకరించిన కార్మికులు, క్వేకర్ క్రైస్తవులు లక్షల్లో ఉన్నారు, వాళ్లకు మొక్కాలి. వాళ్లతోపాటు హైతీలో బానిసల తిరుగుబాటును, 1831 క్రిస్మస్‌నాడు జమైకాలో శామ్యూల్ షార్ప్ వెనక నడిచిన వేలాది బానిసలను కూడా లెక్కలోకి తీసుకోవాలి. జమైకా తిరుగుబాటుకూ 1833 చట్టానికీ మధ్య రెండేళ్లు కూడా లేవు. మనస్సాక్షీ తిరుగుబాటూ కలిసి చట్టాన్ని తెచ్చాయి. ఆ చట్టంలో డబ్బు ఎటు పోవాలో మాత్రం తోట యజమానులు రాయించుకున్నారు.

మారిషస్‌లో 1835 ఫిబ్రవరి 1న చట్టం అమల్లోకి వచ్చింది. అప్పటికి బానిసల సంఖ్య సుమారు 66 వేలు. వాళ్ల యజమానులకు సుమారు 20 లక్షల పౌండ్లు అందాయి. తలకు ముప్ఫై పౌండ్లకు పైమాట. ఆ డబ్బు అప్పులు తీర్చింది, ఆవిరి మిల్లులు కొంది, కొత్త తోటలు వేసింది. అప్రెంటిస్ గడువు 1839లో ముగిసింది. ముగిసిన వెంటనే విముక్తులు చేసిన పని ఒకటే: తోట వదిలి వెళ్లిపోవడం. వదలకుండా ఎలా ఉంటారు? కొందరు పట్నం అంచుల్లో చేతిపనులు పట్టుకున్నారు, కొందరు సముద్రం ఒడ్డున వలలు వేసుకున్నారు, కాస్త కూడబెట్టుకున్నవాళ్లు తోట అంచుల్లో చిన్న చిన్న నేల ముక్కలు కొనుక్కున్నారు. పొలంలోకి రమ్మంటే మంచి కూలి అడిగారు. తరాల తర్వాత మొదటిసారి వాళ్ల చేతికి దొరికిన ఆయుధం అదొక్కటే: మా శ్రమకు మేం ధర చెబుతాం అనే హక్కు. కరిబియన్ దీవుల్లో చాలాచోట్ల ఈ హక్కు వల్ల కూలి రేట్లు కొంత కాలమైనా పెరిగాయి. మారిషస్‌లో ఆ అవకాశాన్ని మొగ్గలోనే తుంచేశారు.

తుంచడానికి వాడుకున్నది మనవాళ్లనే. 1834 నవంబరు 2న కలకత్తా నుంచి అట్లాస్ ఓడలో 36 మంది ఒడంబడిక కూలీలు పోర్ట్ లూయీలో దిగారు. తేదీ చూడండి: బానిసల విడుదలకు మూడు నెలల ముందే ప్రత్యామ్నాయం రేవులో దిగింది. మన దగ్గర అదే కాలంలో ఏం జరుగుతోంది? 1832-33లో గుంటూరు సీమను నందన కరువు పట్టుకుంది, డొక్కల కరువని జనం చెప్పుకునేది అదే. ఆ ప్రాంతపు జనంలో మూడో వంతుకు తక్కువ కాకుండా తుడిచిపెట్టుకుపోయారు. శిస్తు వసూళ్లు, చేనేతకు దెబ్బ, కరువు కలిసి జనాన్ని రేవుల వైపు నెట్టాయి. కోరంగి నుంచి 1830ల్లోనే కూలీల ఓడలు కదిలాయి. గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాలవాళ్లు నెలకు ఐదు రూపాయల జీతం, కాస్త బియ్యం, పప్పు కోసం ఐదేళ్ల ఒడంబడికలకు వేలిముద్ర వేశారు. మొత్తం మీద 20వ శతాబ్దం తొలి ఏళ్ల వరకు ఇండియా నుంచి ఆ దీవికి వెళ్లినవాళ్లు సుమారు నాలుగున్నర లక్షలు. ఇంత చవక శ్రమ ఎదురుగా ఉంటే విముక్త బానిస అడిగిన కూలిని ఎవరిస్తారు? పరిహారం పేరుతో బ్రిటిష్ ఖజానా ఇచ్చిన డబ్బు ఈ కూలీలను రప్పించడానికీ ఉపయోగపడింది. బానిసను విడిపించడానికని పుట్టిన సొమ్ము బానిస కూలి పెరగకుండా ఆపడానికి పనికొచ్చింది. ఇందులో మన కూలీల తప్పు లేదు, వాళ్లకు ఆ సంగతే తెలియదు. ఆకలి ఒకరిని తెచ్చి ఇంకొకరి ఎదుట నిలబెట్టింది. నిలబెట్టినవాడు మాత్రం ఇద్దరికీ ఒకడే.

తెలుగు పాఠకుడు ఇక్కడ ఒక మాట అంటాడు, అనడం న్యాయమే. మనవాళ్లూ బానిసల్లాగే బతికారు కదా? నిజమే. ఒకరోజు పనికి రాకపోతే రెండురోజుల జీతం కోసేవారు, దానికి 'డబుల్ కట్' అని పేరు. 1867 దేశదిమ్మరి చట్టం కింద పాసు, ఫోటో లేకుండా దారిలో కనిపించిన, ఒడంబడిక ముగిసిన పాత కూలీని పోలీసులు పట్టుకుపోయేవారు. 1871లో అడాల్ఫ్ ద ప్లెవిట్జ్ రాసి, తొమ్మిది వేలకు పైగా కూలీలు సంతకాలు చేసిన అర్జీ వల్లే రాయల్ కమిషన్ వచ్చింది. అంత హింస పడీ వాళ్ల మనవలు చదువుకున్నారు, భూములు కొన్నారు, దేశాన్ని ఏలారు. క్రియోల్‌లు, అంటే ఆ ఆఫ్రికా బానిసల వారసులు, ఎందుకు వెనకబడ్డారు? కష్టపడకపోవడం వల్ల, ఉన్నది ఖర్చు పెట్టుకునే అలవాటు వల్ల అని మారిషస్‌లో తెలుగు, భోజ్‌పురి, తమిళ ఇళ్లలో కూడా వినిపిస్తుంది. ఈ మాట తప్పు. ఎందుకు తప్పో కాస్త నిదానంగా చూడాలి.

ఒడంబడిక కూలీ దిగిన రోజు రేవు కచేరీలో ఒక పుస్తకం తెరిచేవారు. పేరు, తండ్రి పేరు, ఊరు, జిల్లా, కులం, వయసు, ఎత్తు, ఒంటి మీది పుట్టుమచ్చ రాసేవారు. 1860ల నుంచి ఫోటో కూడా అంటించారు. అది కూలీని పట్టి ఉంచడానికి పెట్టిన పుస్తకం, ప్రేమతో పెట్టింది కాదు. అయినా అది మిగిలింది. మోకా అనే ఊళ్లోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఆ రిజిస్టర్లు ఉన్నాయి. ఆరో తరం మనిషి వెళ్లి తన పూర్వీకుడు ఏ ఊరివాడో వెతుక్కోవచ్చు. బానిసలకూ రిజిస్టర్లు ఉన్నాయి, బ్రిటిష్‌వాళ్లు రద్దుకు ముందు లెక్క కోసం రాయించినవి. వాటిలో యజమాని పేరు పూర్తిగా ఉంటుంది. బానిసకు యజమాని పెట్టిన ఒంటి పేరు ఉంటుంది, ఒక్కోసారి నెల పేరు, ఒక్కోసారి గ్రీకు దేవుడి పేరు, ఒక్కోసారి వెక్కిరింత. పుట్టిన చోటు దగ్గర 'మొజాంబిక్' అని ఒక్క మాట. లోపల వందల మైళ్ల నుంచి నడిపించి రేవుకు తెచ్చిన మనిషి ఊరు, భాష, తల్లి పేరు ఆ ఒక్క మాటలో కలిసిపోయాయి. మన కూలీకి ఒడంబడిక ముగిసే తేదీ ఉంది, ఎంత కోసినా జీతం ఉంది, దేవుడు, పండగ, ఉత్తరం రాసే ఊరు, తిరిగి వెళ్లే దారి ఉన్నాయి. కూలీల మేస్త్రీ అయిన సర్దారు ఎంత పీడించినా చీటీపాట వేసి డబ్బు తిప్పేవాడు అతని మాట మాట్లాడేవాడే. 19వ శతాబ్దం చివర చక్కెర ధరలు పడి తోటలు ముక్కలుగా అమ్ముకున్నప్పుడు, కూడబెట్టిన ఆ డబ్బుతో భారతీయులు నేల కొన్నారు. అదే బానిసకు నూరేళ్ల పైచిలుకు చట్టరీత్యా ఆస్తి ఉండకూడదు. పెళ్లి, కుటుంబం యజమాని దయ. ఒకడు చేతిలో కొంచెం పట్టుకుని బయల్దేరాడు, ఇంకొకడి చేతులు ముందే నరికారు. ఇద్దరూ ఎంత దూరం పరిగెత్తారని పోల్చడం న్యాయం కాదు.

కాస్తో కూస్తో నేల సంపాదించిన విముక్తుల సంగతి ఇంకా బాధాకరం. ఎన్నో ఏళ్లుగా అనుభవంలో ఉంది కనుక నాదే అని రాయించుకునే వెసులుబాటు ఫ్రెంచి సివిల్ చట్టంలో ఉంది, బ్రిటిష్ కాలంలోనూ దీవిలో అదే చట్టం. చదువు రాని క్రియోల్ కుటుంబాల నేలను పక్క తోటవాళ్లూ, పలుకుబడి ఉన్నవాళ్లూ ఆ దారిన కలిపేసుకున్నారు. మన దగ్గర అసైన్డ్ భూములూ ఆదివాసుల భూములూ ఎలా చేతులు మారాయో తెలిసినవాళ్లకు ఇది వివరించక్కర్లేదు. మారిషస్ పార్లమెంటు 2008లో చట్టం చేసి ఏర్పాటు చేసిన సత్య న్యాయ కమిషన్ 2011లో నివేదిక ఇచ్చింది. దాని ముందుకు వచ్చిన ఫిర్యాదుల్లో పోయిన నేల గురించినవి బోలెడు. భూ వివాదాలకు ప్రత్యేక న్యాయ విభాగం ఉండాలనీ, పాత దస్తావేజులు వెతికిపెట్టే యంత్రాంగం ఉండాలనీ కమిషన్ సిఫారసు చేసింది. బానిసత్వపు అవశేషం ఏమిటని అడిగితే, కమిషన్ చూపించినది జ్ఞాపకాల కంటే ముందు సర్వే నంబర్లను.

నేలకే కాదు, రాజ్యాంగానికీ ఈ మరక అంటింది. 1968 మారిషస్ రాజ్యాంగం ప్రజలను హిందువులు, ముస్లింలు, చైనా మూలాలవాళ్లు అని పేర్లతో గుర్తిస్తుంది. ఈ మూడింటిలోకీ రానివాళ్లందరూ 'సాధారణ జనాభా'. బానిసల వారసులైన క్రియోల్‌లకు అక్కడ సొంత పేరు లేదు. తమ పూర్వీకులను కొన్న కుటుంబాల వారసులైన ఫ్రెంచి మూలాలవాళ్లతో కలిపి వాళ్లను ఆ గడిలో వేశారు. భాష సంగతీ అంతే. బానిసలు పుట్టించిన క్రియోల్ భాషే దీవిలో దాదాపు అందరూ ఇంట్లో మాట్లాడే భాష, తెలుగు మూలాలవాళ్లతో సహా. బడుల్లో తెలుగు, తమిళం, హిందీ చాలా దశాబ్దాల క్రితమే పాఠ్యాంశాలయ్యాయి. క్రియోల్ ప్రాథమిక పాఠశాలల్లో ఐచ్ఛిక విషయంగా అడుగుపెట్టింది 2012లో. అందరి నోటా ఉన్న భాష బడికి అందరికంటే చివర వచ్చింది. 1993లో రోజర్ సెర్వో అనే క్రైస్తవ గురువు దీన్ని 'మలేజ్ క్రియోల్' అన్నారు, క్రియోల్ జాతికి పట్టిన నలత అన్న అర్థంలో. 1999 ఫిబ్రవరిలో క్రియోల్ గాయకుడు కాయా పోలీసు లాకప్పులో చనిపోయినప్పుడు ఆ నలత రోడ్డు మీదకు వచ్చింది. ప్రశాంత దీవి అని పేరున్న దేశంలో కొన్ని రోజులు అల్లర్లు జరిగాయి.

ఎప్పుడో జరిగినదానికి ఇప్పటివాళ్లు బాధ్యులా అన్నది చివరి అభ్యంతరం. దీనికి జవాబు నైతిక సూత్రంలో వెతకనక్కర్లేదు, ఖాతా పుస్తకంలోనే ఉంది. ఆ 2 కోట్ల పౌండ్లలో కోటిన్నర పౌండ్లు రాత్‌షీల్డ్ బ్యాంకర్ల బృందం దగ్గర బ్రిటిష్ ప్రభుత్వం అప్పు తెచ్చింది. ఆ అప్పు రూపాలు మారుతూ వచ్చి పూర్తిగా తీరింది 2015లో. అంటే లండన్‌లో పన్ను కట్టిన జమైకా బస్సు డ్రైవరు, మారిషస్ నర్సు కూడా తమ ముత్తాతల యజమానులకు ఇచ్చిన పరిహారాన్ని కట్టారు. హైతీ కథ ఇంతకంటే ఘోరం. బానిసలే గెలుచుకున్న ఆ దేశం దగ్గర 1825లో ఫ్రెంచి రాజు యుద్ధ ఓడలు నిలబెట్టి 15 కోట్ల ఫ్రాంకుల నష్టపరిహారానికి ఒప్పించాడు. తర్వాత దాన్ని 9 కోట్లకు తగ్గించినా, అది కట్టడానికి చేసిన అప్పులు తీరేసరికి 1947 వచ్చింది. యజమానికిచ్చిన పరిహారపు బాకీ తీర్చడానికి నూట ఎనభై ఏళ్లు ఎక్కువ కాలం కాలేదు. బానిస వారసుడి బాకీ అడిగినప్పుడే కాలం చెల్లిందని ఎలా అంటాం? కరిబియన్ దేశాల కూటమి 2013 నుంచి ఈ ప్రశ్నను అధికారికంగా అడుగుతోంది. తలా ఇంత డబ్బు పంచడం వల్ల ఇది తీరదని నేనూ ఒప్పుకుంటాను. మారిషస్ కమిషన్ సిఫారసుల బాటలో నడవడం మెరుగు: నేల దస్తావేజులు తేల్చడం, భాషకు బడిలో చోటివ్వడం, పేరుకు రాజ్యాంగంలో చోటివ్వడం. ఇవి ఖర్చుతో కూడినవే, కానీ అంతులేనివి కావు.

ఇందులో తెలుగువాళ్లు చేయగలిగినదీ ఉంది. అక్కడి తెలుగు సంఘాలు బలమైనవి, ఇక్కడి విశ్వవిద్యాలయాలతో వాటికి రాకపోకలున్నాయి. కూలీల రాకను స్మరించుకునే సభల్లో, మనం అచ్చువేసే ప్రవాస చరిత్రల్లో, ఓడ ఎక్కిన రోజుకంటే పదేళ్లు వెనక్కి వెళ్లి మొదలుపెట్టడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. యానాం నుంచి బానిసగా వెళ్లినవాడి ఊసు కూడా ఆ పుస్తకాల్లోకి రావాలి, ఎందుకంటే అతను మనవాడే, కానీ అతని వారసులు ఇవాళ క్రియోల్‌లుగానే ఉన్నారు, వాళ్లకు ఉగాది తెలియదు.

పోర్ట్ లూయీకి వెళ్లిన తెలుగువాళ్లు తప్పకుండా చూసేది ఆప్రవాసీ ఘాట్, కూలీలు ఓడ దిగి ఎక్కిన రాతి మెట్లు. 2006లో యునెస్కో గుర్తించిన ఆ మెట్ల దగ్గర ఫోటోలు దిగుతారు, కొందరు కళ్లు తుడుచుకుంటారు. దాని పక్కనే లా బూర్డనే కాలంలో బానిసల చేత కట్టించిన పాత సైనిక ఆసుపత్రి ఉంది. బానిసత్వ మ్యూజియం ఇప్పుడు అందులోనే ఉంది. ఆ భవనం గోడల రాళ్లు ఘాట్ మెట్ల కంటే నూరేళ్లు పాతవి. రెండింటికీ మధ్య నడవాల్సింది కొన్ని అడుగులే.